ఆపి మొదలుపెట్టిన పాట

పోయిన ఆదివారం పొద్దున్న అప్పన్న ఫోన్ చేశాడు. చిన్నప్పుడు నాతో చదువుకున్నవాడు, ఇప్పుడు పోర్టులో ఉద్యోగం. "బావా, మన పాటల టీచరమ్మ పోనారు. నిద్దట్లోనే పోనారట," అన్నాడు. సింహాద్రమ్మ టీచర్ ఇక లేరన్న వార్త చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు. దుఃఖం రావలసిన చోట మొదట నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆవిడ వన్ టౌన్‌లో, నేను సీతమ్మధారలో. ఒకే ఊళ్ళో ఉంటూ ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కనివాడిని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

ఆవిడ మా బడిలో సంగీతం టీచర్. ఏటా వార్షికోత్సవానికి ఒక సంగీత రూపకం తానే రాసి, తానే బాణీ కట్టి, పిల్లల చేత ఆడించేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, ముక్కు మీద కోపం. ఆ కోపం పిల్లల మీద చూపించగా నేనెన్నడూ చూడలేదు. పెద్దవాళ్ళనైతే ఉతికి ఆరేసేవారు.

"పాడతానని అడిగిన పిల్లకి నేదనకూడదు" అన్నది ఆవిడ నియమం. శ్రుతిలో నిలవని వాళ్ళందరినీ అలలుగా మార్చేవారు. ఇళ్ళనుంచి తెచ్చిన నీలం చీరల్ని రెండు కొసలా పట్టుకుని వాళ్ళు ఊపుతుంటే వేదికంతా సముద్రమయ్యేది. ఒకసారి హెడ్మాస్టరు గారు, "అమ్మా, పిల్లల కంటే చీరలే ఎక్కువ కనిపిస్తున్నాయి, సగం మందిని తగ్గించండి," అన్నారు. "సముద్రం కదండీ మాస్టారూ! ఏ అలని వెనక్కి పొమ్మంటారో మీరే వచ్చి సెప్పండి," అన్నారావిడ. ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

తొంభైల్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 'సముద్రుడి పెళ్ళి' వేయించారు. గోస్తనీ నది పెళ్ళికూతురు, నేను సముద్రుణ్ణి. తొలిపాట నాదే, అదీ పైస్థాయిలో. నెలరోజులు అదే శ్రుతిలో హాయిగా పాడాను. పోర్టులో క్రేను నడిపే మా నాన్న, డ్యూటీ మార్చుకుని, ఖాకీ బట్టలతోనే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి చరణం అందుకోగానే నా గొంతు రెండుగా చీలిపోయింది. గొంతు మారే ఈడని నాకు తెలియదు. హాలు హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఈలలు. మా నాన్న తల దించుకోవడం వేదిక మీదనుంచి స్పష్టంగా కనిపించింది.

టీచర్ హార్మోనియం ఆపేసి లేచి నిలబడ్డారు. "తప్పు నాదండీ. శ్రుతి ఎక్కువ పెట్టేసినాను. పిల్లోడిదేటీ నేదు. ఒక్క నిమిషం," అని సభకు దణ్ణం పెట్టారు. కూర్చుని శ్రుతి దించి, నా వైపు చూసి, "గొంతుక్కూడా మీసం మొలుస్తాది నాయనా, మరేటీ కాదు. మొదలెట్టు," అన్నారు. పాడాను. ఎలా పాడానో నాకే తెలియదు.

ఇంటికి వెళ్తూ సైకిల్ మీద నాన్న అడిగాడు: "ఏట్రా, ఆయమ్మకి శ్రుతి పెట్టడం రాదేటి?" ఆవిడ తప్పు లేదని నాకు తెలుసు. నోరు పెగల్లేదు. ఆ తరువాత మళ్ళీ వేదిక ఎక్కలేదు.

ఆ మరుసటి ఏటి నుంచి ఒక వింత మొదలైంది. ప్రతి రూపకంలోనూ తొలిపాట ఒక్క పాదం సాగగానే టీచర్ ఆపేసేవారు. లేచి, "తప్పు నాదండీ, శ్రుతి ఎక్కువైంది," అని దణ్ణం పెట్టి, మళ్ళీ మొదలుపెట్టించేవారు. ఊరు ఊరుకుంటుందా? బస్సు ఒక పట్టాన స్టార్టు కాకపోతే 'సింహాద్రమ్మ శ్రుతి' అని నవ్వుకోవడం మా పేటలో వాడుకైపోయింది. ఆ రోజు నావల్ల బెదిరి ఆవిడ చెయ్యి పట్టు తప్పిందనీ, అంతటి విదుషీమణిని నా గొంతు నవ్వులపాలు చేసిందనీ అనుకున్నాను. అందుకే తప్పించుకు తిరిగాను.

మొన్న సంస్మరణ సభ మా బడి హాల్లోనే జరిగింది. 'ప్రియశిష్యుడు' అంటూ నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. ఆ మాటకి చచ్చినంత పనయింది. ఆవిడ రిటైరయ్యాక ఇంట్లో పాట నేర్పిన పిల్లలు నీలం చీరలు తెచ్చుకుని 'సముద్రుడి పెళ్ళి' పాడటానికి వచ్చారు. హార్మోనియం ముందు గౌరి అనే అమ్మాయి కూర్చుంది. ఒక పాదం పాడించి, ఆపేసింది. హాల్లో పాత అలవాటు కొద్దీ కొందరు కిసుక్కుమన్నారు.

నేను వంగి, "చెయ్యి తప్పిందామ్మా?" అని మెల్లిగా అడిగాను.

"నేదండి, ఆపాలండి," అంది గౌరి. "టీచరే అలా నేర్పినారు. ముందే ఓసారి ఆగిపోయి పెద్దోళ్ళు తప్పొప్పేసుకుంటే, తరవాత ఏ పిల్ల తప్పినా జనం నవ్వరంట. ఎప్పుడో ఓ అబ్బాయిని నవ్వేసినారంటండి. బంగారం లాంటి గొంతంట. ఆ అబ్బాయి మరి పాడనేదంట."

ఊరి నవ్వునంతా అన్నేళ్ళూ ఆవిడ కావాలనే తన నెత్తిన వేసుకున్నారు. ఒక్కసారి వెళ్ళి పలకరించి ఉంటే తెలిసేది. నా సిగ్గును చూసుకుంటూ కూర్చున్నానే గాని, ఆవిడను చూడలేదు.

గౌరి ఇంకా నా వైపే చూస్తోంది. "ఇప్పుడు టీచర్ లేసి తప్పు నాదనాలండి. ఎవులంటారండి?"

జేబులో రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉంచి లేచాను. మైకు అందుకుని, సభకు దణ్ణం పెట్టి, "తప్పు నాదండీ," అన్నాను. "ఆవిడ శ్రుతి ఏనాడూ తప్పలేదు. ఆ రోజు మీరు నవ్వింది నన్ను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ తల్లికి నేను సమర్పించగలిగిన నివాళి ఆ రెండు ముక్కలే. అంతటి గురువు మాకు మళ్ళీ దొరకదు. పిల్లల వెనక దాక్కున్న పెద్దల్ని చాలామందిని చూశాను గాని, పిల్లలకు అడ్డంగా నిలబడిన మనిషిని ఆవిడనొక్కర్తినే చూశాను.

గౌరి శ్రుతి దించింది. పిల్లలు చీరలెత్తారు. పాట ఎత్తుకోబోతూ ఆ పిల్ల నన్ను చూసి, "మీ గొంతుకి ఇది సరిపోద్దాండి?" అంది.

"సరిపోతుందమ్మా," అన్నాను.