తెరిచి ఉంచిన అగ్గిపెట్టె

వినిఫ్రెడ్ హ్యూలెట్‌కి కోపం ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళ వయసులో రోడ్డు పనివాళ్ళ శిబిరంలో వంటమనిషిగా కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఈ యూకాన్‌కి వచ్చినప్పుడే ఆమె ఒక డ్రైవర్‌ని గరిటెతో కొట్టిందట, బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చాడని. ఇప్పుడు అరవై నాలుగు. ఊరంతా వినీ ఆంటీ అని పిలుస్తారు, కాస్త దూరంగా నిలబడి.

మార్టెన్ వాగు పక్కన ఆమె భర్త క్లెమ్ కట్టిన దుంగల క్యాబిన్ ఉంది. ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. నలభై ఏళ్ళుగా దానికి తాళం లేదు. కొండలెక్కడానికి వచ్చేవాళ్ళు, వేటగాళ్ళు, దారి తప్పినవాళ్ళు ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. నియమం ఒక్కటే. వెళ్ళేముందు ఇనప పొయ్యిలో బూడిద తీసి, తర్వాత వచ్చేవాడి కోసం మంట పేర్చి వెళ్ళాలి. అడుగున కాగితంలా అంటుకునే బర్చ్ చెట్టు బెరడు, దాని మీద చెక్కపొట్టు, పైన సన్నటి చితుకులు, పక్కన చీల్చిన కట్టెలు. పొయ్యి మీద అగ్గిపెట్టె సగం తెరిచి, మూడు పుల్లల తలలు బయటికి కనిపించేలా పెట్టాలి. మైనస్ నలభై డిగ్రీల చలిలో వచ్చేవాడి వేళ్ళు వంగవు. పెట్టె తెరవలేడు. పుల్లని పళ్ళతో పట్టుకుని గీయాలి.

రెండు వారాలకోసారి వినీ మంచు మీద జారే స్లెడ్జి బండి లాక్కుంటూ అక్కడికి వెళ్ళి ఆ పొయ్యి చూసి వచ్చేది. పేర్పు నచ్చకపోతే వచ్చినవాళ్ళు పేర్లు రాసి వెళ్ళే గుడిసె పుస్తకం తిరగేసి ఎవరు వచ్చారో చూసి, వాళ్ళ ఇంటికే వెళ్ళి తిట్టేది.

పోయిన డిసెంబరులో ఆమెకి జ్వరం వచ్చింది. తన బదులు క్లెమ్ వెళ్ళాడు. మైనస్ నలభై నాలుగు. వాగు దాటుతుంటే మంచు కింద పొంగిన నీళ్ళలో మోకాలి దాకా దిగబడ్డాడు. పైకి వచ్చేలోపే, మెత్తటి మంచు మీద నడవడానికి బూట్లకి కట్టుకునే మంచుచెప్పుల పట్టీలు గడ్డకట్టాయి. అవి విప్పడానికి చేతితొడుగులు తీశాడు. అక్కడితో వేళ్ళు పోయాయి. అయినా అతను భయపడలేదు. క్యాబిన్ రెండు వందల అడుగుల దూరంలోనే ఉంది. లోపల పొయ్యి పేర్చి ఉంటుంది.

పొయ్యి ఖాళీగా ఉంది. కడిగినట్టు ఖాళీగా. నేల ఊడ్చి ఉంది. కట్టెలు, ఒక్కటీ చీల్చనివి, బయట గోడ వారగా ముచ్చటగా పేర్చి ఉన్నాయి. అగ్గిపెట్టె అలమారలో, రేకు డబ్బాలో, బిగించిన మూత కింద ఉంది.

ఆ డబ్బాని క్లెమ్ మోచేతులతో నేల మీద పడేసి మడమతో తొక్కాడు. ఎంతసేపు తొక్కాడో అతనికే తెలియదు. గొడ్డలి పట్టుకోలేక కుర్చీ విరగ్గొట్టాడు. గుడిసె పుస్తకం పళ్ళతో చింపి కాల్చాడు, మొదటి పేజీ నుంచి. మర్నాడు జ్వరంతోనే వినీ వెతుక్కుంటూ వెళ్ళేసరికి మంట ఉంది, మొగుడు ఉన్నాడు. వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. జనవరిలో ఆస్పత్రిలో ఎనిమిది తీసేశారు. బొటనవేళ్ళు రెండే మిగిలాయి. అతను తోలుపట్టీలతో మంచుచెప్పులు అల్లే మనిషి.

పుస్తకంలో చివరి పేజీ కాలలేదు. వినీ దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. కొండలెక్కే బృందాల్ని తీసుకెళ్ళే గైడు కర్బీ రెన్‌ఫ్రూ సంతకం ఉంది దాని మీద. ‘అద్భుతమైన ఆతిథ్యం. మేం వచ్చినప్పటికంటే శుభ్రంగా వదిలి వెళ్తున్నాం.’

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ దారుల్నీ క్యాబిన్‌నీ చూసుకునే కొండదారుల క్లబ్ వాళ్ళు ఊరి హాల్లో సమావేశం పెట్టారు. దుప్పి మాంసం పులుసు, రొట్టె. బల్ల మీద క్యాబిన్ తలుపుకని తెచ్చిన కొత్త తాళం. అంకెలు నొక్కితే తెరుచుకునేది. క్లబ్ కార్యదర్శి గ్లెన్నా బ్రాండ్ట్ గొంతు సవరించుకుంది.

"జరిగింది ఘోరమే వినీ. అందుకే ఇకమీద చెప్పి వెళ్ళేవాళ్ళకి మాత్రమే నంబరు ఇద్దామని. అందరి క్షేమం కోసమే."

"అంకెలు నొక్కేందుకు వేళ్ళుండాలిగా గ్లెన్నా," అంది వినీ. "మావాడు ముక్కుతో నొక్కాలా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. క్లెమ్ మాత్రం నవ్వాడు. "ముక్కు పెద్దదేలే. ఒకేసారి రెండంకెలు నొక్కేస్తుంది."

"నువ్వు నోర్మూయ్ ముసలాడా."

కర్బీ లేచాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఈ ఊళ్ళోనే పుట్టాడు. మొహం ఎర్రబడింది. "ఆంటీ, మేం నిర్లక్ష్యం చెయ్యలేదు. నాతో వచ్చినవాళ్ళు గంటసేపు కూర్చుని తుడిచారు. కొండల్లో ఎక్కడికెళ్ళినా ఆనవాలు లేకుండా రావాలని నేనే నేర్పించాను వాళ్ళకి. పొయ్యి ముందే పేర్చి ఉంటే మంట అంటుకోవచ్చు, ప్రమాదం అన్నారు. నాకూ సబబే అనిపించింది."

"ఆనవాలు లేకుండానే చేశావురా. ఈయన వేళ్ళ ఆనవాలు కూడా లేదు చూడు."

వినీ వంటింట్లోకి వెళ్ళి బకెట్ నిండా మంచు, నీళ్ళు తెచ్చి కర్బీ ముందు ధడాలున పెట్టింది. పక్కన రేకు డబ్బా పెట్టింది. క్లెమ్ తొక్కిన డబ్బా కాదు, అలాంటిదే కొత్తది.

"పెట్టు చేతులు."

"ఆంటీ..."

"అయిదు నిమిషాలు. మావాడు అంతకు పదింతలు ఉన్నాడు. పెట్టు."

పెట్టాడు. మూడో నిమిషానికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అయిదో నిమిషానికి తీసి డబ్బా పట్టుకున్నాడు. జారింది. మణికట్ల మధ్య నొక్కి పళ్ళతో లాగాడు. మూత కదల్లేదు. ఇంకోసారి. పెదవి తెగింది. డబ్బా బల్ల మీంచి దొర్లి గ్లెన్నా కాళ్ళ దగ్గర ఆగింది. ఎవరూ తియ్యలేదు.

"శుభ్రంగా ఉంది కదూ!" అంది వినీ.

గ్లెన్నా తాళం వైపు చూసి, "కానీ వినీ, ఇలాంటి తప్పు రేపు ఇంకొకరు చెయ్యరని నమ్మకమేంటి? తాళం ఉంటే కనీసం ఎవరు వెళ్ళారో తెలుస్తుంది," అంది.

అప్పుడు క్లెమ్ మాట్లాడాడు. "పందెం వేసుకుందాం గ్లెన్నా. ఈ కర్బీగాడితోనే పొయ్యి పేర్పించు. ఈ చేతుల్తో నేను వెలిగిస్తే తాళం వద్దు. వెలగకపోతే నీ తాళం నువ్వు వేసుకో."

వినీ మొగుణ్ణి చూసిన చూపుకి పులుసు గిన్నె పగిలిపోవాలి. కానీ కాదనలేదు.

మార్చి చివరికి క్లెమ్ గాయాలు మానాయి. చలి తగ్గలేదు, మైనస్ ముప్ఫై. నలుగురూ వెళ్ళారు. గ్లెన్నా సంచిలో తాళం ఉంది. దారంతా వినీ కర్బీతో ఒక్క మాట మాట్లాడలేదు. వాగు దగ్గర మాత్రం చేతికర్రతో చూపించి, "ఇక్కడ," అంది.

క్యాబిన్‌లో కర్బీ మోకాళ్ళ మీద కూర్చుని పేర్చాడు. వినీ వంగి చూసి బూటుతో చెదరగొట్టింది.

"బెరడు తడిగా ఉంది. మళ్ళీ."

మళ్ళీ పేర్చాడు. మళ్ళీ చెదరగొట్టింది. "చితుకులు బొటనవేలంత లావున్నాయి. పెన్సిలంత సన్నగా చీల్చు. బొటనవేళ్ళు మా ఇంట్లో చాలినన్ని ఉన్నాయి."

మూడోసారి పేర్చి, అగ్గిపెట్టె సగం తెరిచి, మూడు పుల్లలు పైకి లాగి, అతను పక్కకి జరిగాడు. ఈసారి వినీ బూటు కదల్లేదు. అదే ఆమె ఒప్పుకోలు.

క్లెమ్ పొయ్యి ముందు కూర్చున్నాడు. మొండి చేతుల మధ్య పెట్టెని నొక్కి పట్టుకున్నాడు. మొదటి పుల్ల పళ్ళ మధ్య విరిగింది. రెండోది వెలిగింది. తల వంచేలోపు ఆరింది, మీసం కాలిన వాసన వచ్చింది.

"ముసలాడా, మీసమైనా మిగుల్చుకో," అంది వినీ. ఆమె పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

మూడో పుల్ల గీశాడు. అలాగే ముందుకి వంగి, బెరడు మీద వదిలాడు. బెరడు అంచు నల్లబడింది, ముడుచుకుంది, చిటపటలాడింది. పొట్టు అంటుకుంది. చితుకుల్లోకి మంట పాకింది.

గ్లెన్నా సంచి ముడి విప్పనే లేదు. కర్బీ మొహం మీద మొదటిసారి నవ్వు వచ్చింది. "వెలిగింది ఆంటీ!"

"చూశాలే. టీ కాచుకుని తాగుదాం. తర్వాత బూడిద తీసి మళ్ళీ పేర్చు."

"ఇప్పుడే కదా ఆంటీ... ఈ వారం ఇటు ఎవరూ రారు. ఎవరి కోసం?"

వినీ అతని వైపు తిరిగింది. మూడు నెలల కోపం ఇంకా అలాగే ఉంది ఆ మొహంలో.

"తెలీదు. తెలీదు కాబట్టే," అని గొడ్డలి తీసి అతని చేతిలో పెట్టింది.