నాలుగు ర్యామ్‌లు, పదకొండు కీర్తనలు

గిడియోన్‌కు ఓపిక లేదు. ఊరంతా ఆ మాటే అంటుంది, ఆయనా కాదనడు. మెదక్‌లో చర్చికి పోయే దారిలో ఇరవై ఏళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. పెళ్ళి పీటల మీద ఉన్నవాళ్ళను కూడా "జరా జల్దీ నవ్వుండ్రి" అని తొందరపెట్టే రకం. అలాంటి మనిషికి, వీడియో కోసి అతికించేటప్పుడు తెర మీద బొమ్మ ఆగి ఆగి కదిలితే ఒళ్ళు మండదా మరి!

ఆయన కంప్యూటర్‌లో రెండు ర్యామ్ స్టిక్కులుండేవి, రెండూ ఒకే కంపెనీవి, ఒకే వేగానివి. కంప్యూటర్ ఏ పని చేసినా ఈ మెమరీలోంచే పోవాలి. పక్కనే ఇంకో రెండు స్లాట్లు ఖాళీ. ఖాళీ నింపితే వేగం రెట్టింపవుతుందని ఆయన లెక్క. పాత కంప్యూటర్లు విప్పి అమ్మేచోట రెండు స్టిక్కులు సంపాదించి, రిపేర్లు చేసే నగేష్ దగ్గరికి పోయాడు.

నగేష్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"అన్నా, జోడు కుదిరిన రెండుంటే జోడెడ్ల లెక్క గుంజుతయ్. ఇవి వేగం తక్కువయి, వీటిని కలిపినవనుకో, నాలుగింటికీ గీ ముసలెద్దు నడకే వస్తది. పెడతనంటే నీ ఇష్టం, గని ఒక పూట టెస్ట్ నడిపి చూడు. పాతయి, నమ్మొద్దు."

"పెండ్లిళ్ళ సీజన్ల నాకు పూట ఏడికెల్లి దొరుకుతది తమ్మీ" అని గిడియోన్ ఇంటికొచ్చి తనే బిగించుకున్నాడు. తెర మీద మెమరీ అంకె రెట్టింపై కనిపించింది. పని ఏమంత వేగం కాలేదు. అయినా అంకె చూసి మురిసిపోయాడు.

ఆ వారమే యేసమ్మ వచ్చింది. ఆమె భర్త దావీదు చర్చి క్వైర్‌లో ముప్పైనాలుగేళ్ళుగా పాడుతున్నాడు. గొంతులో క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటికనే తీసేస్తారట.

"అయినంక మీ మామ మాట్లాడడంట బిడ్డా" అంది యేసమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "మా బిడ్డ నిస్సికి ఏడో నెల. పుట్టేటోళ్ళకు తాత గొంతు వినిపియ్యాలె గద. ఒక్కసారి తీసిపెట్టు."

మరునాడు మధ్యాహ్నం వాళ్ళింట్లోనే తీశాడు. దావీదు తెల్లచొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని, పాటకూ పాటకూ మధ్య వేడినీళ్ళు తాగుతూ, పదకొండు కీర్తనలు పాడాడు. ఎనిమిదో దానిలో గొంతు బొంగురుపోతే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఆ పూట గిడియోన్ ఆయన్ని ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అంతా అయ్యాక దావీదు చెమట తుడుచుకుని, "మల్ల పాడమంటే పాడనురా, గిదే ఆఖరు" అని నవ్వాడు. గిడియోన్‌కు నవ్వు రాలేదు.

స్టూడియోకొచ్చి కెమెరా కార్డులోంచి అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మొదటి పాట ఒక నిమిషం ఆడించి చూశాడు, బాగానే ఉంది. వెంటనే కార్డు చెరిపేశాడు. ఎప్పుడూ చేసేదే. తెల్లారితే టేక్మాల్‌లో పెళ్ళి, కార్డు కావాలి.

దావీదుకు ఆపరేషన్ అయిన మూడోరోజు పనికి కూర్చున్నాడు. మొదటి పాట రెండో నిమిషానికే బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది, పాట కీచుమంది. రెండో పాట అంతే. మూడోది తెరుచుకోనే లేదు. పదకొండూ అదే గతి. కంప్యూటర్‌ను బండి మీద పెట్టుకుని నగేష్ దగ్గరికి ఉరికాడు. కార్డులో వెతికితే టేక్మాల్ పెళ్ళి తప్ప ఏమీ మిగల్లేదు.

నగేష్ టెస్ట్ పెట్టాడు. పది నిమిషాల్లో తెరంతా ఎర్రగీతలు.

"కొత్తగ పెట్టిన రెండింట్ల ఒకటి ఖరాబుందన్నా. ఎక్కించేటప్పుడు దాంట్లకెల్లి పోయిందంత ఖరాబైంది." ఆ రెండూ పీకేసి ఆన్ చేస్తే కంప్యూటర్ ఇదివరకటికన్నా కాస్త చురుగ్గానే నడిచింది. అది చూసి గిడియోన్‌కు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

దావీదు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడని తెలిసి బయలుదేరాడు. కార్డు పోయిందని చెబుదామని దారి పొడుగునా ఆ అబద్ధమే వల్లెవేసుకున్నాడు. ఊపిరి కోసం మెడలో పెట్టిన రంధ్రం మీద తెల్లగుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న దావీదు, ఆయన్ని చూడగానే కళ్ళు మెరిపించి, పక్కకు జరిగి మంచం తట్టాడు. అంతే, అబద్ధం నోటికి రాలేదు. నగేష్ వద్దన్నది, తను విననిది, అన్నీ చెప్పేశాడు.

"క్వైర్ వీడియోలు ఉంటయి గదా" అంది యేసమ్మ ఆశగా. అని, మళ్ళీ తనే, "నలభై గొంతులల్ల గీయనది ఏదని చూపియ్యాలె దేవా" అని కూలబడింది.

గిడియోన్ మంచం కింద నేల మీద కూర్చున్నాడు. "తిట్టు మామా. నోటికొచ్చినట్టు తిట్టు."

దావీదు మొహం జేవురించింది. మెడనరాలు ఉబ్బాయి. పిడికిలి బిగించి, అరవడానికి నోరు పెద్దగా తెరిచాడు. మెడకున్న గుడ్డ కింద నుంచి బుస్సుమని గాలి వచ్చింది. ఆ చప్పుడుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. మెల్లగా నోరు మూసుకున్నాడు.

యేసమ్మ గోడవైపు తిరిగింది. గిడియోన్ ఆ తిట్టు కోసం చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.