తాతగారి తలకిందుల కథలు

పిల్లల గ్రంథాలయంలో శనివారం మధ్యాహ్నాలు కథలు చెప్పే తాతగారికి ఒక్కటే జబ్బు. ఏ కథనూ ఉన్నదున్నట్టు చెప్పలేరు. అచ్చాఫీసులో నలభై ఏళ్లు ఊరందరి తప్పులూ దిద్ది దిద్ది విసుగెత్తి, ఇప్పుడు ఆ తప్పులన్నీ తనే చేస్తున్నారేమోనని లైబ్రేరియనమ్మకు అనుమానం.

ఆయన రాక్షసుడికి చీకటంటే భయం. ఆయన రాకుమారుడు గుర్రం మీద తోకవైపు తిరిగి కూర్చుంటాడు. నిద్రపోయే రాకుమారిని ఎవరైనా లేపబోతే, "సెలవు రోజైనా పడుకోనివ్వరా?" అని ముసుగు తన్నేస్తుంది. కిటికీ తెరల్లోంచి వచ్చిన పసుపు వెలుగు చాపల మీద నీళ్లలా కదులుతుంటే, పిల్లలు బోర్లా పడుకుని సగం ఈ గదిలో, సగం మబ్బుల మీద ఉంటారు. లైబ్రేరియనమ్మ కూడా పుస్తకాలకు ముద్ర వేయడం మరిచి, ముద్ర గాల్లోనే పట్టుకుని వింటుంది.

ఒక శనివారం లెక్కల టీచరు తన కూతురి పరీక్ష కాగితం పట్టుకుని వచ్చింది.

"చూడండి! 'కథలో సవతి తల్లి ఎలాంటిది?' అని ప్రశ్న. మా అమ్మాయి జవాబు, 'పాపం, కళ్లజోడు కనపడక అందరినీ కసురుతుంది.' సున్నా వేశారు! అసలు కథ రాకుండానే వెక్కిరింపు నేర్పితే పిల్లలు ఏమైపోతారండీ?"

ఆ మాటా సబబుగానే తోచింది లైబ్రేరియనమ్మకు.

"బాబాయ్‌గారూ, ఇవాళ ఆ కథ పుస్తకంలో ఉన్నట్టే చదవండి."

"ఉన్నట్టే అంటే... పూర్తిగా ఉన్నట్టేనా?"

"కామాలతో సహా."

తాతగారు చేదుమందు మింగినట్టు ముఖం పెట్టి మొదలుపెట్టారు. టీచరు కూతుర్ని పక్కన పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చుంది.

"రాజుగారు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. వచ్చిన సవతి తల్లి..."

అక్కడే బండి ఆగింది. దగ్గారు. పేజీ ముందుకు తిప్పి, వెనక్కి తిప్పారు.

లైబ్రేరియనమ్మ దగ్గరికెళ్లి, "ఏమైంది?" అంది.

తాతగారు గుసగుసలాడారు. అచ్చు యంత్రాల హోరులో అరిచి అరిచి తయారైన గొంతు అది. గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"మొదటిసారి ఉన్నట్టే చదివానమ్మాయ్. ఆ వెనక టీచరు పక్కనున్న పిల్ల నా చెవిలో అడిగింది, 'మా ఇంటికీ కొత్తమ్మ వస్తోంది, ఆవిడా ఇలాగే ఉంటుందా?' అని. ఏం చెప్పను? గబుక్కున కళ్లజోడు పోగొట్టేశాను."

"మరి చీకటికి భయపడే రాక్షసుడో?"

"వాడు ఆ ఎర్రగౌను పిల్ల కోసం."

టీచరు చేతిలోని కాగితం నాలుగు మడతలై, ఎనిమిది మడతలై సంచిలోకి పోయింది. ఆవిడ లేచొచ్చి తాతగారి చేతిలోని పుస్తకం తీసుకుని మూసేసి, చాప మీద కూర్చుంది.

"రాజుగారు మళ్లీ పెళ్లి చేసుకున్నారు," అంది మెల్లగా. "వచ్చినావిడకి పాపం... జడ వేయడం రాదు."

కూతురు ఎగిరొచ్చి పక్కన పడింది. "మొదటి రోజే చిక్కు పడిపోతే రాజవైద్యుణ్ణి పిలిపించారు!"

"రాజవైద్యుణ్ణా? పక్కింటి అత్తయ్యనేగా!"

"అది మనింట్లో అమ్మా. కథలో రాజవైద్యుడే!"

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. తాతగారు వాళ్ల మధ్య కాస్త చోటు చూసుకుని కూలబడి, "ఊఁ, తర్వాత?" అన్నారు.