అన్నయ్యగారి శొంఠి కాఫీ

మా అత్తగారి దృష్టిలో స్టీలు గ్లాసులో పోసి, పొగలు కక్కుతుండగా మనిషి చేతికిచ్చేదేదైనా కాఫీయే. కాఫీ గింజలతో చేస్తే వట్టి కాఫీ. ధనియాలు వేయించి, పొడికొట్టి, బెల్లంతో మరిగిస్తే ధనియాల కాఫీ. శొంఠీ మిరియాలూ వేస్తే శొంఠి కాఫీ. తెనాలిలో ఈ మాటకి ఎవరూ అడ్డు చెప్పరు. మేరీల్యాండ్‌లో ఈ ఒక్క మాట మూలాన ఒక పెద్దమనిషికి నేను చేసిన అన్యాయం చెప్పాలంటే ఇప్పటికీ నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మేం వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే రోడ్డుకి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. బెల్ట్‌వే మీద వస్తుంటే చెట్ల పైనుంచి తెల్లటి గోపురాలు కనిపించేవి. అది మార్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ళ గుడి. అందులో సేవ చేయడానికి పడమటనున్న ఐడహో రాష్ట్రం నుంచి వచ్చిన భార్యాభర్తలు మా కింది వాటాలో దిగారు. ఇద్దరికీ డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఆయన బంగాళాదుంపలు పండించిన రైతు. పొలం కౌలుకిచ్చి, పిల్లల్నీ మనవల్నీ వదిలి, పద్దెనిమిది నెలలు జీతం భత్యం లేకుండా పనిచేయడానికి వచ్చారు. రోజూ పొద్దున్నే చెరో చిన్న పెట్టె పట్టుకుని బయల్దేరేవారు. పెట్టెల్లో తెల్లబట్టలు. లోపల అందరూ తెల్లబట్టల్లోనే ఉండాలట.

"లోపల ఏం చేస్తారండీ?" అని ఒకసారి ఆవిడని అడిగాను. "కుటుంబాలని ముడివేస్తాం," అని నవ్వింది. మొదట్లో ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అంత నిమ్మళంగా ఉండే మనుషులంటే నాకు అనుమానం. నాది ముక్కు మీద కోపం. మావారు ఆ సంగతి పెళ్ళిచూపుల్లోనే కనిపెట్టారట, చెప్పరు గానీ.

ఆ గుడిలోకి అందరినీ రానివ్వరు. వాళ్ళలో వాళ్ళకే ఒక చిన్న కార్డు ఉండాలి. ఏడాదికోసారి తమ పెద్దల ముందు కూర్చుని, అడిగినవాటికి నిజం చెప్పి తెచ్చుకోవాలి. మందు, సిగరెట్టు, టీ, కాఫీ ముట్టకూడదు. కాఫీ కూడానా అని నేను నోరు తెరిస్తే, "మన మడి లాంటిదే, నీకెందుకు," అన్నారు మావారు.

డిసెంబరు వచ్చింది. వాళ్ళకి ఇల్లు వదిలి చేసుకుంటున్న మొదటి క్రిస్మస్. మోకాలెత్తు చెట్టు ఒకటి కొనుక్కొచ్చి టీవీ మీద పెట్టారు. మనవలు పాడి పంపిన క్యాసెట్ పెట్టుకుని, అదే పాటని మూడుసార్లు విన్నా ఆవిడకి తనివి తీరేది కాదు. ఆయనకి మాత్రం పండగ ధ్యాసే లేదు. ఆయన కళ్ళన్నీ క్రిస్మస్ తర్వాత వచ్చే మంగళవారం మీదే ఉన్నాయి. ఆ రోజు కొడుకు వస్తున్నాడు.

ఆ కొడుకు కథ మా వంటింట్లోనే చెప్పారు. తొమ్మిదేళ్ళ కిందట కూతురి పెళ్ళి వాళ్ళ ఊరి దగ్గరి గుడిలో జరిగింది. కొడుక్కి సిగరెట్లు, కాఫీ, అన్నీ ఉన్నాయి. కార్డు లేదు. చెల్లెలి పెళ్ళికి లోపలికి రానివ్వలేదు. పెళ్ళయ్యేదాకా బయట తన ట్రక్కులో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి తండ్రితో మాట మానేశాడు. ఇప్పుడు ఏం తోచిందో, అలవాట్లన్నీ వదిలేసి, కార్డు తెచ్చుకుని, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని తండ్రి సేవ చేసే గుడికే వస్తున్నాడు, తన కుటుంబాన్ని ముడివేయించుకోవడానికి. తండ్రిని సాక్షిగా పక్కన కూర్చోమన్నాడట.

"ఇది ఒక్కసారే చేస్తారు," అన్నారాయన. "ఈసారి మేమిద్దరం గోడకి ఒకే వైపున ఉంటాం."

నేను తెలుగులో చెబితే అత్తగారు కళ్ళొత్తుకుని, "అయితే షష్టిపూర్తిలా ఉన్న పెళ్ళికే మళ్ళీ ముడి అన్నమాట," అంది. ఆర్నెల్లు ఉందామని వచ్చిన మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన్ని మొదటిరోజు నుంచీ 'అన్నయ్యగారూ' అనే పిలిచేది. ఆయన ఆడవాళ్ళందరినీ 'సిస్టర్' అనేవారు. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే వరస కలిసిపోయింది.

అంతలో ఆయనకి దగ్గు పట్టుకుంది. మెట్ల మీద దగ్గితే మా గిన్నెలు కదిలేవి. డాక్టరు ఇచ్చిన సిరప్ పనిచేయలేదు. అత్తగారు ఊరుకుంటుందా? శొంఠీ మిరియాలూ దంచి, బెల్లం వేసి, గ్లాసుడు కాచి ఇచ్చింది. మొదటిరోజు గుక్క తాగి ఆయన మొహం చిట్లించారు. రెండోరోజు చివరిదాకా తాగారు. ఆ తర్వాత గుడి నుంచి రాగానే, పెట్టె కింద పెట్టకుండానే తిన్నగా మా ఇంటికే వచ్చేవారు. ఎదురు కుర్చీలో కూర్చుని, ఆయన తాగడం చూడటమే అత్తగారికి పని. ఈ దేశంలో ఆవిడకి దొరికిన ఒకే ఒక్క చుట్టం మరి.

పది రోజులు గడిచాక ఓ సాయంత్రం ఆయన భార్య కూడా కేకు ప్లేటుతో వచ్చింది. అత్తగారు తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, గ్లాసు చూపిస్తూ, "కాఫీ గుడ్?" అంది.

ఆవిడ చేతిలోని కేకు ప్లేటు బల్ల మీద పెట్టేసింది. "ఇది కాఫీయా?" అంది నాతో.

నాకు నవ్వొచ్చింది. "అబ్బే, పేరే కాఫీ. అంతా అల్లం, మిరియాలు. కాఫీ గింజ వాసన కూడా ఉండదు." ఆవిడ ఊపిరి తీసుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు నేను పని నుంచి పెందరాళే ఇంటికొచ్చాను. స్టవ్ మీద శొంఠి నీళ్ళు మరుగుతున్నాయి. అత్తగారు ఫిల్టర్ మూత తీసి, చెంచాతో డికాషన్ తోడి గ్లాసులో పోస్తోంది.

"అదేంటత్తయ్యా?"

"రెండు చెంచాలేనే. వట్టి శొంఠి నీళ్ళు గొంతు దిగుతాయా? మొదటిరోజు పాపం మొహం ఎట్లా పెట్టాడో చూశావుగా. మర్నాటి నుంచీ కాస్త తగిలిస్తున్నా. ఎంత ఇష్టంగా తాగుతున్నాడో."

"రోజూనా?"

"రోజూనే. ఏం, ఆ మాత్రం కాఫీపొడికి కరువొచ్చిందా మీ ఇంట్లో?"

గ్లాసు లాక్కుని సింకులో పారబోశాను. నిజం చెబితే ఆ ముసలి ప్రాణం ఏమైపోతుందోనని, కారణం చెప్పకుండా కసురుకున్నాను. ఆయనకి దగ్గు తగ్గిపోయింది, ఇక వద్దు అన్నాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. కింది వాటాకి వెళ్ళి, 'నిన్న నేను చెప్పింది తప్పు' అని ఒక్క మాట చెప్పి రావచ్చు. వెళ్ళలేదు. మంగళవారం ఇంకా ఆరు రోజులుంది, ఆ మాట చెప్పి ఆయన కార్డు పోగొడతానా అనుకున్నాను. నా మటుకు నాకు అది దయే.

శనివారం పొద్దున మెట్ల మీద మంచు గీకుతూ ఆయనే ఆపారు. "సిస్టర్, ఒక మాట. నా కార్డు ఈ నెలతో అయిపోతుంది. రేపు మా పెద్దాయన అడుగుతారు, నియమాలు పాటిస్తున్నావా అని. నేను ఔననాలి. ఆ గ్లాసులో కాఫీ ఉందా?"

"లేదండీ," అన్నాను. చాలదన్నట్టు, "ఒక్క చుక్క కూడా లేదు," అని కూడా అన్నాను.

ఆయన నా మొహం వంక కాసేపు చూశారు. "థాంక్యూ," అని మళ్ళీ మంచు గీకడంలో పడ్డారు. నేను పైకొచ్చి, తలుపేసుకుని, పెద్ద ఘనకార్యం చేసినట్టు మావారికి చెప్పాను. ఆయన పేపర్ దించి, "నిజం చెబితే పోయేదేముంది? తెలియక తాగినదానికి ఎవరేమంటారు?" అన్నారు. నాకు చెప్పొచ్చారు, అని విసుక్కున్నాను. అప్పుడైనా కిందికి దిగాల్సింది. దిగలేదు.

మంగళవారం అత్తగారు పొద్దుటే లేచి సున్నుండలు చుట్టింది. "శుభకార్యం కదే, వట్టి చేతులతో ఎట్లా?" అని నన్ను బయల్దేరదీసింది. మనలాంటివాళ్ళు గుడిలోకి వెళ్ళలేరు గానీ, పక్కనే చూడవచ్చినవాళ్ళ కోసం కట్టిన భవనంలోకి ఎవరైనా వెళ్ళచ్చు. చెట్లన్నిటికీ దీపాల దండలు కట్టారు. పగలు కావడంతో వెలిగించలేదు. లోపల పశువుల పాకలో బాలయేసు బొమ్మలు చూసి అత్తగారు, "బొమ్మల కొలువు పెట్టారే," అంటూ అక్కడే నిలబడిపోయింది.

నేను తలతిప్పేసరికి కిటికీ పక్క కుర్చీలో ఆయన ఉన్నారు. ఓవర్‌కోటు గుండీలు కూడా విప్పలేదు. ఒళ్ళో చిన్నపిల్లల కోట్లు రెండు, పాదాల దగ్గర ఆ చిన్న పెట్టె.

"మీరు లోపల లేరేంటి?" అన్నాను.

"కూర్చోండి, సిస్టర్," అన్నారు. కోపం లేదు గొంతులో. ఉన్నా బాగుండేది. "నేను కుర్రతనంలో నేవీలో నాలుగేళ్ళు కాఫీ మీదే బతికాను. రెండో గ్లాసుకే తెలిసిపోయింది."

నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"బాగుంది. దగ్గు తగ్గుతోంది. మీ అత్తగారు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ఎవరూ కాఫీ అననంతవరకూ నాకు తెలియనట్టే అనుకున్నాను. ఆవిడ ఆ మాట అనేశాక అడగక తప్పలేదు."

"మరి కార్డు..."

"కార్డు ఇచ్చారు. కాఫీ సంగతి చెబితే మా పెద్దాయన నవ్వి, మందుగా తాగినదానికేం, వెళ్ళు అన్నారు." కోటు మీది దారప్పోగు తీసి పారేశారు. "రెండో సంగతి ఆయనకి చెప్పలేదు. మెట్ల మీద మిమ్మల్ని ఆపినప్పుడు నాకు నిజం అక్కర్లేదు. మీరు లేదనాలని అడిగాను. మీకు తెలుసని మీ మొహంలో కనిపించింది. అయినా నా కోసం మీరు అబద్ధమాడారు. ఒకరి చేత అబద్ధం ఆడించుకుని ఆ గదిలో కూర్చోలేనని ఇవాళ తలుపు దాకా వెళ్ళాక తెలిసింది. పిల్లల కోట్లు పట్టుకుంటానని చెప్పి వచ్చేశాను."

సిగ్గుతో చచ్చిపోయాను. మెట్ల మీద 'ఉంది' అని ఒక్క మాట అని ఉంటే, ఆ పెద్దాయన నవ్వే సరిపోయేది. ఈయన లోపలుండేవారు. ఆయన్ని లోపలికి పంపుతున్నాననుకుంటూ ఆ కుర్చీలో కూలేసింది నేను.

అంతలో వాళ్ళు వచ్చారు. ముందు కొడుకు, వెనక భార్యా పిల్లలూ. తండ్రిని చూసి ఆగిపోయాడు. "నాన్నా, లోపల మీకోసం చూశాను. ఎందుకు రాలేదు?"

ఆయన నా వైపు ఒక్కసారి చూసి, కొడుకు వైపు తిరిగారు. "దగ్గు..." అన్నారు. "ఉన్నట్టుండి దగ్గు..."

ఆ దగ్గు తగ్గి వారమైంది. ఆయన నా కోసం అబద్ధమాడబోతున్నారు.

"దగ్గు కాదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మా ఇంట్లో ఈయనకి చెప్పకుండా కాఫీ కలిపారు. ఈయన అడిగితే నేను తెలిసి కూడా లేదన్నాను. ఆ అబద్ధం మీద లోపలికి రాలేక ఇక్కడ కూర్చున్నారు."

కొడుకు వచ్చి తండ్రి పక్క కుర్చీలో కూర్చున్నాడు. "చెల్లి పెళ్ళినాడు ట్రక్కులోంచి ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను," అన్నాడు. "ఒక్కసారి బయటికి వస్తారేమోనని."

"తెలుసు," అన్నారాయన. "కిటికీలోంచి కనిపించావు."

ఇద్దరూ అట్లాగే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. పిల్లలు వచ్చి తాతయ్య ఒళ్ళోంచి కోట్లు లాక్కున్నారు. చివర వచ్చిన ఆయన భార్య నా పక్కన ఆగి, "ఆయన కుర్చీ ఖాళీగానే ఉంచాం," అంది నెమ్మదిగా. నవ్వలేదు. అత్తగారు డబ్బాతో వచ్చి, "అన్నయ్యగారికి దగ్గు ఎట్లా ఉందో అడగవే," అంది. అడిగాను. "తగ్గిందని చెప్పండి. ఆవిడ మందుకే తగ్గింది," అన్నారు. అది మాత్రం నిజమే, కాబట్టి తెలుగులో చెప్పాను.

జూన్‌లో ఐడహో వెళ్ళిపోయేదాకా ఆయన భార్య మెట్ల మీద పలకరించేది గానీ మా గుమ్మం తొక్కలేదు. ఆయన మాత్రం చలి ఉన్నన్నాళ్ళూ సాయంత్రం వచ్చి, అదే కుర్చీలో అత్తగారి ఎదురుగా కూర్చునేవారు. వేన్నీళ్ళు చాలనేవారు. నేనే కెటిల్ ఆయన ముందుకు తెచ్చి, ఆయన కళ్ళెదుటే గ్లాసులో పోసేదాన్ని. ఆయన గ్లాసులోకి చూసేవారు కాదు, అందులో ఏముందని ఒక్కసారీ అడగలేదు.