ఉజ్జీవ సభల్లో పోయిన గొంతు

వేసవి ఉజ్జీవ సభలయ్యాక వచ్చిన ఆదివారం గుడిలో పాట ఎత్తుకుంటే గాలి తప్ప గొంతు రాలేదు. రాజోలు దగ్గర మా సంఘంలో పాట ఎత్తేది నేనే. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి, ఏటా అక్టోబరు చివర సంస్కరణ ఆదివారం నాడు చర్చిని మార్చిన సంస్కర్తల చరిత్ర చెప్పేదీ నేనే.

మా వైపు ఉజ్జీవ సభలంటే కేకలు వేసి ప్రార్థించాల్సిందే. సభలయ్యాక గొంతు బొంగురుపోకపోతే మనసు పెట్టి ప్రార్థించలేదనుకుంటారు. అందుకే వేసవి సభల్లో పోయిన గొంతు వానలు పడ్డా రాకపోతే ఎవరూ కంగారుపడలేదు. పాస్టరమ్మ గారైతే, "పరిశుద్ధాత్మ ముట్టిన గొంతండీ టీచరు గారూ!" అని మురిసిపోయారు. నేనూ మురిసిపోయి, మిరియాల పాలు తాగుతూ గర్వంగా తిరిగాను.

మా ఆయన మాత్రం ఊరుకోలేదు. "నీ కేకల్లేక ఇల్లు హాయిగానే ఉంది గానీ, నాకు భయమేస్తందే" అని అమలాపురంలో ఈఎన్‌టీ దగ్గరికి లాక్కెళ్లారు. డాక్టరమ్మ ఎండోస్కోపీ చేసి, "వోకల్ కార్డ్ మీద గ్రోత్ ఉందండీ, బయాప్సీ చెయ్యాలి" అన్నారు. కాన్సరని తేలింది. "ఎర్లీ స్టేజే అండీ. కాకినాడలో రేడియేషన్ తీసుకోండి. ఆలస్యం చేస్తే వాయిస్ బాక్సే తీసెయ్యాల్సొస్తాది." చావు కంటే మాట పోతుందన్నదానికే ఎక్కువ హడలిపోయాను.

మా బావగారు సంఘపెద్ద. ఆ సాయంత్రమే వచ్చారు. "ఉపవాస ప్రార్థన పెట్టుకుందామమ్మా. ఆ కరెంటు వైద్యం ఎందుకు, విశ్వాసం లేనట్టు?" అన్నారు. నాకు కోపం నషాళానికి అంటింది. గుసగుసగానే క్లాసు పీకాను.

"బావగారూ, జర్మనీలో ఈ సంస్కరణ మొదలెట్టినాయన, ఊళ్లోకి ప్లేగొస్తే ఏం రాసేడో తెలుసాండీ? దేవుణ్ని అడగండి, పొగ వెయ్యండి, మందూ మింగండని రాసేడు. ఆయన కంటే మనకి విశ్వాసం ఎక్కువాండీ?"

"ఆయ్" అన్నారు బావగారు. "అయితే రెండూ కానిద్దామమ్మా."

రెండూ జరిగాయి. రేడియేషన్ మొదట్లో ఏమీ అనిపించలేదు. తర్వాత మంచినీళ్లు మింగినా మంటే. మొహానికి మాస్క్ వేసి టేబుల్‌కి బిగిస్తే ఊపిరాడనట్టుండేది. మధ్యలో గొంతు వాచింది. "ఎడిమా అండీ, స్టెరాయిడ్ ఇస్తాను. గుసగుసలు కూడా వద్దు" అన్నారు కాకినాడ డాక్టరు గారు. ఆ వారమంతా ఏడ్చాను. పలక మీద రాసి సంసారం నడిపాను. వందేళ్ల కిందట వేల్స్ దేశంలో వచ్చిన ఉజ్జీవంలో గనికార్మికులు బూతులు మానేస్తే గనుల్లో బళ్లు లాగే గుర్రాలకు వాళ్ల మాట అర్థం కాలేదట. నా కేకలు ఆగిపోయేసరికి మా గేదె కూడా అలాగే తెల్లబోయి చూసింది.

చివరికి డాక్టరమ్మ స్కోప్‌లో చూసి, "క్లియర్ అండీ! కార్డ్స్ రెండూ బాగా కదుల్తన్నాయి" అన్నారు. మరుసటి సంస్కరణ ఆదివారం నాడు గుడిలో నిలబడ్డాను. సంస్కరణకు ముందు అర్థం కాని లాటిన్ భాషలో పాట వింటూ ఊరకే నిలబడిన జనానికి, సొంత భాషలో పాడుకునే హక్కు ఎలా వచ్చిందో చెప్పాను. చెప్పి, పాట ఎత్తాను. గొంతు ఒక శ్రుతి దిగింది గానీ విరగలేదు. గుడంతా అందుకుంది. గెలిచాను, ఆ మాట దాచుకోను!

ఇప్పుడు చెకప్‌లకు వెళ్లొస్తున్నాను. కేకలు మానేశాను, మైకు వాడుతున్నాను. ఉజ్జీవ సభల మొదటి రోజు పాస్టరు గారు ఆ మైకు ముందుగా నాకే ఇస్తారు. "మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీకి చూపించుకోండి. దారంతా ప్రార్థన చేసుకుంటూనే వెళ్లండి, ఎవరూ వద్దనరు" అని చెప్పి, పాట ఎత్తుతాను.