బడిగంట బొంగురుపోయిన వారం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నల్లమాడ మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలకు బదిలీ చేశారు. హోదా ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. ఈ ఉద్యోగంలో తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం అన్నీ ఒక్కరే చూసుకోవాలి. ఐదు తరగతులు, రెండు గదులు, ఇద్దరు టీచర్లు. రెండో టీచరు ప్రధానోపాధ్యాయులు ఓబులేశు సారు. ఆయనకు ఆ నవంబరు ఆఖరుకు రిటైర్మెంటు.

రిటైరయ్యే హెచ్.ఎం. బడిలోని ప్రతి వస్తువునూ తన తర్వాత వచ్చేవారికి లెక్క ఒప్పజెప్పి సంతకం తీసుకోవాలి. దీన్ని ఛార్జి అప్పగించడం అంటాం. ఒక్క చెంబు తగ్గినా బకాయి లేదన్న పత్రం రాదు, అది రాకపోతే పెన్షను కాగితాలు కదలవు. సారు స్నేహితుడొకరు ఒక బల్ల తక్కువైందని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారట. ఈ కథ ఓబులేశు సారు నేను చేరిన రోజే చెప్పారు, తర్వాత కూడా వీలు చిక్కినప్పుడల్లా చెప్పారు. వస్తువు పోకుండా ఉండాలంటే ఎవరూ దాన్ని ముట్టుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం.

ఆ బడిలో సైన్సు కిట్ ఉందన్న సంగతి దసరా సెలవులిచ్చే రోజు దాకా నాకు తెలియదు. మా బడిలో ఆ రోజు ఆయుధపూజ చేసేవారు. సారు బీరువాలోంచి నీలం రంగు రేకు పెట్టె తీసి, కుర్చీలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. పాత బొట్లు దాని మీద పొరలుగా పేరుకుని ఉన్నాయి. పిల్లలు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. ఐదో తరగతి మౌనికకు ఏదీ ఊరికే ఒప్పుకునే అలవాటు లేదు.

“సారూ, దీంట్లో ఏ దేవుడుండాడు?” అని అడిగింది.

“దేవుడు కాదు మే, సైన్సు సామాన్లు.”

“అయితే తీసి చూపీండి సారూ.”

“చూసేకి కాదు, పూజకు,” అన్నారాయన, కర్పూరం ముట్టించి.

లోపల ఏముందో ఆయనకూ తెలియదని ముఖం చూస్తేనే అర్థమైంది. మండల వనరుల కేంద్రం నుంచి ఏ సీలుతో వచ్చిందో ఆ సీలుతోనే అప్పగించాలని ఆయన పట్టుదల. నాకు ఒళ్లు మండింది. పాఠ్యపుస్తకంలో ‘చేసి చూడండి’ అని ఉన్న చోటల్లా నేను నల్లబల్ల మీద బొమ్మ గీసి సరిపెడుతున్నాను. కిట్ మాత్రం పక్క గదిలో హాయిగా హారతులందుకుంటోంది.

సెలవులయ్యాక వేరుశనగ పీకే కాలం వచ్చింది. పిల్లలు కాయలు విడిపించడానికి పెద్దవాళ్ల వెంట చేలకు పోతే తరగతిలో చాపలు మిగిలాయి. ఇక లాభం లేదనుకుని, ఏది పోయినా బాధ్యత నాదేనని చీటీ రాసిచ్చి తాళంచెవి అడిగాను. సారు ఆ చీటీని తిరగేసి మరగేసి చదివి, రోజూ సాయంత్రం తన ఎదుటే లెక్క చూసి లోపల పెట్టాలన్న షరతు మీద ఇచ్చారు.

మొదట బయటికి తీసింది దండాయస్కాంతం. ఏది అతుక్కుంటుంది, ఏది అతుక్కోదు, తిరిగి చూసి రమ్మన్నాను. వాళ్లు సుద్దముక్క మొదలుకుని కిటికీ ఊచల దాకా దేన్నీ వదల్లేదు. సారు కళ్లద్దాలూ బెల్టూ అయ్యాక ఆయన పంటికున్న తొడుగు వైపు చూశారు. ఆయన నోరు గట్టిగా మూసుకున్నారు.

తర్వాత ధ్వని పాఠం. మధ్యాహ్న భోజనం పళ్లేలు బోర్లించి, మీద ఇసుక చల్లి, చెంచాతో కొట్టించాను. ఇసుక ఎగిరింది. మోగుతున్న పళ్లేన్ని వేలితో తాకితే చప్పుడు ఆగింది. ఆ గోలకు సారు కోపంగా వచ్చారు, ఇసుక ఎగరడం చూసి నిలబడ్డారు, “ఏదీ, ఇంగోసారి కొట్టు” అన్నారు. ఆ మర్నాటి నుంచి కిట్‌లోని గాజు పట్టకం ఆయన బల్ల మీదికి చేరింది. పగుళ్లేమైనా ఉన్నాయేమో చూస్తున్నానని చెబుతూ మధ్యాహ్నం పూట గోడ మీద ఏడు రంగులూ పడేసుకుని కూర్చునేవారు.

చేలకు పోయినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. మౌనిక వాళ్లమ్మ బడికొచ్చి నన్ను నిలదీసింది. “ఏం మందు పెట్టినారు మేడం దీనికి? కాయ ఇడిపిచ్చేకి రమ్మంటే ఇసక ఎగరాల అంటాది!” నాకు లోపల గర్వంగానే ఉంది. పైకి మాత్రం ఆదివారం పంపిస్తానని సర్దిచెప్పాను.

ఇంత బాగా సాగుతుండగా ఒక సాయంత్రం లెక్కలో అయస్కాంతం కనిపించలేదు.

చాపలు దులిపాం, సంచులు బోర్లించాం, మరుగుదొడ్డి దాకా వెతికాం. సారు ఎవరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు భోజనంలో గుడ్డు కూడా ముట్టలేదు. నేను చీటీ సంగతి గుర్తుచేస్తే, “నీ చీటీ నాకు పెన్షనిస్తాదా మేడం? ఇన్నేండ్లు పెట్టె తెరవకుండా కాపాడితిని. ఆఖర్లో తాళలేకపోతిని,” అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే వారం బడిగంట కూడా మొరాయించింది. మా గంట పాత ట్రాక్టరు నాగలి పళ్లెం. వరండా దూలానికి, గోడ పక్కగా వేలాడుతుంది. బోల్టుతో కొడితే చేలదాకా ఖంగున వినిపించేది. ఇప్పుడు కొడితే జరజరమని రేకు డబ్బా చప్పుడు. గంట కూడా లెక్కలో ఉన్న వస్తువే కాబట్టి సారుకు ఉన్న దిగులు రెండింతలైంది. తీగ బిగించారు, బోల్టు మార్చారు, ముందటికంటే గట్టిగా బాదారు. “ఇదీ రిటైరయితాండాది, నా మాదిరే,” అని నిట్టూర్చారు.

మౌనిక గంట కింద నిలబడి చెవి ఒగ్గి వింది.

“సారూ, అది పగల్లేదు. దానికేందో తగులుకోనుండాది. పళ్లేనికి ఏలు పెడితే చప్పుడు చచ్చిపాయ కదా, అట్ల.”

సారు కుర్చీ వేసుకుని ఎక్కారు. గోడవైపు చెయ్యి పెట్టి తడిమారు. తర్వాత చెయ్యి బయటికి తీస్తే అందులో అయస్కాంతం ఉంది. పళ్లెం లోతట్టున అతుక్కుని, కొట్టినప్పుడల్లా అదరుతూ, అది మా గంట గొంతు నొక్కింది. ఎవరు పెట్టారని అడిగితే మౌనికే చెప్పింది. “మేమే సారూ. కిటికీ ఎక్కి, పట్టుకుంటాదా లేదా చూస్తాంటిమి. ఆ పొద్దు మీరు ఇంటర్వెల్లు కొట్టేకి వస్తిరి, మేము పారిపోతిమి. భయానికి యాడ పెట్టింటిమో మర్చిపోతిమి.” సారు కుర్చీ మీదనుంచే నవ్వడం మొదలుపెట్టారు. మర్నాడు బడంతటికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ ఆయన ఖర్చే.

అయితే వారమంతా తిన్న దెబ్బలకు అయస్కాంతం బలం పోయింది. ఇదివరకు గుండుసూదుల గుత్తినే లేపేది, ఇప్పుడు ఒక్క సూదికే ఆపసోపాలు పడింది. గట్టి అదురుకు అయస్కాంతత్వం తగ్గుతుందని పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి పాఠం దొరకదు, చెప్పేశాను కూడా. “లెక్కకు ఒకటే కదా మేడం,” అన్నారు సారు. ఆ మాట ఆయనకే నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

నవంబరు ఆఖరి రోజు కదిరి నుంచి కొత్త హెచ్.ఎం. మోటారు సైకిలు మీద వచ్చాడు. కుర్రవాడు, తొందరలో ఉన్నాడు. పేర్లు చదువుతూ టిక్కు పెట్టుకుంటూ పోతున్నాడు. “దండాయస్కాంతం ఒకటి. ఉంది.”

“ఆగప్పా,” అన్నారు ఓబులేశు సారు. “ఉండాది గానీ పట్టదు.”

ఆయన నోరు మూసుకుని ఉంటే ఆ టిక్కుతో అయిపోయేది. ఆయన మౌనికను పిలిచి సూదులతో చూపించమన్నారు. “పిల్లోళ్లు నేర్చుకుంటాంటే దీని బలం పోయింది. అట్లే రాసుకో. నా కాగితాలు నిలిస్తే నిలవనీ.” కొత్తాయన నావైపు చూశాడు, సూది వైపు చూశాడు. ‘బోధనలో వాడినందువల్ల బలహీనపడింది’ అని రాసి సంతకం పెట్టాడు. మిగతా సామాన్లు కూడా వాడి చూసుకుంటే గానీ సారు వదల్లేదు. ఆ కుర్రాయన చేత ఇసుక పళ్లెం కూడా కొట్టించారు. అప్పగింత పూర్తయ్యేసరికి సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. కొత్తాయనే సారును మోటారు సైకిలు మీద ఎక్కించుకుని పోయాడు.

ఆ వాక్యం గురించి ఆఫీసులో ఎవరూ అడగలేదు. పెన్షను కాగితాలు ఎప్పటి నిదానంతోనే కదిలాయి. సంక్రాంతి లోపల సారు ఒక చెడిపోయిన స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతాన్ని బడికి పంపారు. గంటకు దూరంగా ఉంచమని చెప్పి పంపారు.

తర్వాత నేనూ హెచ్.ఎం.నై మరో రెండు బళ్లలో ఛార్జి తీసుకున్నాను. రెండు చోట్లా సామాన్లు పిల్లల చేతికిచ్చి, వాళ్లు వాడి చూసిన తర్వాతే సంతకం పెట్టాను. రెండో బడిలో కిట్ సీలు ఊడకుండా ఉంది. అన్నీ భద్రంగా ఉన్నాయని అప్పగించే ఆయన సంతోషంగా చెప్పాడు. ఆ సీలు చూడగానే పాఠాలు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నాకు తెలిసింది.