అడిగినప్పుడు చెప్పని మాట

నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. సరే, చేప ముల్లు దగ్గర మొదలుపెడతాను.

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మా తమ్ముడి ఇంట్లో ఉంటూ, ఇండియన్ గ్రాసరీ వెనకున్న వంటగదిలో పని చేస్తున్నాను. ఓ శనివారం తమ్ముడు చేపలు కడుగుతుంటే బొటనవేలికి ముల్లు గుచ్చుకుంది. పసుపు అద్దాను. సోమవారానికి వేలు ఉబ్బింది, ఒళ్లు కాలిపోతోంది. మరదలు డ్యూటీకి వెళ్లింది. కాలేజీలో చదివే మేనకోడలు కారు తీసింది.

"ముల్లు గుచ్చుకుంటే డాక్టరా అక్కా? రేపు ముక్కు కారితే హెలికాప్టర్ పిలుస్తావు" అని తమ్ముడు దారంతా నన్ను ఆటపట్టించాడు.

క్లినిక్‌లో నర్సు ఏదో అడిగింది. మేనకోడలు నా వైపు తిరిగింది.

"అత్తా, మన ఫ్యామిలీలో ఎవరైనా ఇన్ఫెక్షన్ వచ్చి చనిపోయారా అంటోంది. డాడీకి తెలీదంట."

వాడికెలా తెలుస్తుంది? మా నాన్న పోయేటప్పటికి వాడు ఉయ్యాల్లో ఉన్నాడు. నాన్న మడమలో తుమ్మముల్లు దిగింది. మూడో రోజు మాట తడబడింది, నాలుగో రోజు లేడు. తర్వాత మూడేళ్లకి అన్నయ్య పంటి వాపుతో అలాగే పోయాడు. రెండూ నేను దగ్గరుండి చూశాను. తమ్ముడికి మాత్రం జ్వరమొచ్చి పోయారని చెప్పి ఊరుకున్నాం.

జబ్బుపడ్డవాడి ముందు పోయినవాళ్ల ఊసు ఎత్తకూడదని అమ్మ అనేది. ఎత్తితే వాళ్లని పిలిచినట్టేనట. తమ్ముడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఎవరూ లేరమ్మా. మనింట్లో అలాంటిదేం జరగలేదు" అన్నాను.

మేనకోడలు అదే ఇంగ్లీషులో చెప్పింది. మాత్రలు రాసి ఇంటికి పంపించారు.

బుధవారం పొద్దున వాడు నన్ను గుర్తుపట్టక "అమ్మా" అని పిలిచాడు. పెద్దాసుపత్రికి చేర్చేసరికే బీపీ పడిపోయింది. సెప్సిస్ అన్నారు. ఇన్ఫెక్షన్‌తో పోట్లాడబోయి ఒళ్లు తన కిడ్నీలని తానే పాడుచేసుకుందట. శుక్రవారం పోయాడు.

నెల తర్వాత ఆసుపత్రివాళ్లు పిలిచారు. అందరికీ తగిలే ఇన్ఫెక్షనే కొందరిని ఎందుకు తీసుకుపోతుందో, అది వంశంలో వచ్చే జీన్స్ వల్లేమో వాళ్లు చూస్తున్నారట. తమ్ముడి రక్తం దాచారట, పరీక్షకి ఒప్పుకుంటారా అని అడిగారు. ఆ ఫారంలో కూడా అదే ప్రశ్న ఉంది. మేనకోడలు "నో" అని రాయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. మొత్తం చెప్పాను.

తను పెన్ను కింద పెట్టింది.

"నేను ఎవరూ లేరని చెప్పాను అత్తా. నా నోటితో చెప్పాను."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నా అబద్ధం దాని నోట పెట్టాను.

ఆ రోజే చెప్పుంటే బతికేవాడా అని మేనకోడలితో డాక్టర్ని అడిగించాను.

"చెప్పలేం అంటున్నాడు. ఒక రోజు ఉంచుకుని చూసేవాళ్లేమో అంట. జీన్స్ వల్లే అని కూడా ష్యూర్ కాదంట. మరి నాకుందా అంటే, అదీ తెలీదంట."

తెలీదంటే కాస్త ఊరట అనుకుంటారు. నాకు మాత్రం లేదు. వాళ్లకి తెలియనివి చాలా ఉండొచ్చు. నాకు తెలిసిందైనా నేను చెప్పలేదు.

మొన్న ఆదివారం మా ఇంట్లో ఎవరెవరు ఎలా పోయారో కాగితం మీద రాసి ఇచ్చాను. మేనకోడలికి తెలుగు చదవడం రాదు. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా చూపించడానికి, నేను చదువుతుంటే ఫోన్‌లో టైప్ చేసుకుంది.

"తాతయ్య మడమ ఏ కలర్ అయింది? పెదనాన్నకి చలి వచ్చిందా?"

అడిగినవన్నీ చెప్పాను. అన్నీ గుర్తున్నాయి. చివర్న తమ్ముడి దగ్గరికి వచ్చాను. "బొటనవేలు" అని చదివి ఆగిపోయాను.

"అది నాకు తెలుసు అత్తా" అని తనే టైప్ చేసుకుంది.